క్యాన్సర్‌ను తలపించే పిత్తాశయ వాపు: తుది మాట సూక్ష్మదర్శినిదే

భిలాయి: పిత్తాశయపు గోడ బాగా మందమైందని, క్యాన్సర్ కావచ్చని స్కాన్ నివేదికలో ఒక్క వాక్యం కనిపిస్తే చాలు, ఆ ఇంట్లో అప్పటివరకు సాగిన లెక్కలన్నీ తారుమారవుతాయి. అయితే ఆ వాక్యం ప్రతిసారీ క్యాన్సర్‌గానే రుజువు కాదు. పిత్తాశయాన్ని లోపలి నుంచి గట్టిపరిచి, పక్కనున్న కాలేయానికి, పేగులకు అతుక్కుపోయేలా చేసి, స్కాన్‌లోనూ శస్త్రచికిత్స బల్లపైనా అచ్చం క్యాన్సర్‌లా కనిపించే అరుదైన వాపు వ్యాధి ఒకటుంది. దాని పేరు జాంతోగ్రాన్యులోమాటస్ కోలిసిస్టైటిస్. వైద్యులు దీన్ని క్లుప్తంగా ఎక్స్‌జీసీ అని వ్యవహరిస్తారు. ఇది క్యాన్సర్ కాదు. కానీ క్యాన్సర్ కాదని శస్త్రచికిత్సకు ముందే నిశ్చయంగా చెప్పగల పరీక్ష నేటికీ లేదు. కొద్దిమందిలో ఈ రెండూ ఒకే పిత్తాశయంలో కలిసి ఉండటం సమస్యను మరింత జటిలం చేస్తోంది.

ఉక్కు నగరంలో ఈ ప్రశ్న ఎందుకు?

సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం మేరకు భిలాయిలో ఉక్కు కర్మాగారం రూపుదిద్దుకుంది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ దాని మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. కర్మాగారంతోపాటే సెక్టార్ల వారీగా టౌన్‌షిప్ పెరిగింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఉపాధి కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. తొలితరం కార్మికులు ఎప్పుడో పదవీ విరమణ చేశారు. వారి పిల్లలు కూడా నేడు పిత్తాశయ రాళ్లు, వాటి పర్యవసానాలు ఎక్కువగా కనిపించే నడివయసుకు చేరుకున్నారు.

టౌన్‌షిప్‌లో ఎవరికైనా కడుపునొప్పి తీవ్రమైతే ముందుగా గుర్తుకొచ్చేది సెక్టార్-9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి, పరిశోధన కేంద్రమే. పెద్ద పరీక్షలు అవసరమైతే రాయ్‌పుర్‌లోని ఎయిమ్స్, నవా రాయ్‌పుర్‌లోని క్యాన్సర్ ఆసుపత్రి దగ్గరలోనే ఉన్నాయి. అయినా రెండో అభిప్రాయం కోసం తెలుగు కుటుంబాలు తరచూ విశాఖ వైపు చూస్తుంటాయి. బంధువులు అక్కడ ఉండటం ఒక కారణం. వైద్యుడితో సొంత భాషలో మాట్లాడవచ్చన్న ధీమా మరో కారణం. 2024 సెప్టెంబర్‌లో దుర్గ్, విశాఖపట్నం మధ్య వందే భారత్ రైలు మొదలైన తర్వాత ఈ ప్రయాణం మరింత సులువైంది. అయితే రైలెక్కే ముందు వెంట ఏమేం తీసుకెళ్లాలో తెలిసి ఉండటం ఈ వ్యాధి విషయంలో ప్రయాణమంత ముఖ్యం.

పేరులోనే పసుపు

గ్రీకు భాషలో 'జాంతోస్' అంటే పసుపు. 'గ్రాన్యులోమా' అంటే శరీరం తనకు మింగుడుపడని పదార్థాన్ని చుట్టుముట్టే క్రమంలో రక్షక కణాలు గుంపుకట్టి ఏర్పడే చిన్న గడ్డ. 'కోలిసిస్టైటిస్' అంటే పిత్తాశయపు వాపు. మొత్తంగా చూస్తే, పిత్తాశయపు గోడలో పసుపు రంగు గడ్డలు ఏర్పడే దీర్ఘకాలిక వాపు అని ఈ పేరుకు అర్థం. తొలగించిన పిత్తాశయాన్ని కోసి చూస్తే మందమైన గోడలో పసుపు, గోధుమ రంగుల మచ్చలు, ముద్దలు కంటికే కనిపిస్తాయి. కాబట్టి పేరు వ్యాధి రూపాన్ని ఉన్నదున్నట్టుగానే వర్ణిస్తోంది.

క్రిస్టెన్‌సన్, ఇషాక్ అనే పాథాలజిస్టులు 1970లో పిత్తాశయంలో కనిపించే కణితులను, కణితుల్లా భ్రమింపజేసే మార్పులను వర్గీకరిస్తూ దీన్ని వేరుగా గుర్తించారు. నేడు వాడుకలో ఉన్న పేరు 1976లో మెక్‌కాయ్ బృందం రాసిన పత్రంతో వచ్చింది. గుడ్‌మన్, ఇషాక్ 1981లో 40 కేసులను క్రోడీకరించి వ్యాధి లక్షణాలను స్థిరపరిచారు. అంటే వైద్యశాస్త్రంలో దీనికి ప్రత్యేకమైన గుర్తింపు వచ్చి అర్ధ శతాబ్దం దాటిందంతే. అంతకు ముందు ఇలాంటి పిత్తాశయాలు ఇతర వాపుల లెక్కలోనో, అనుమానిత క్యాన్సర్ల లెక్కలోనో కలిసిపోయి ఉండవచ్చు.

గోడలోకి ఇంకిన పైత్యరసం

కాలేయం కింద బేరిపండు ఆకారంలో వేలాడే చిన్న సంచి పిత్తాశయం. కాలేయంలో తయారయ్యే పైత్యరసాన్ని నిల్వచేసి, చిక్కబరిచి, కొవ్వుతో కూడిన ఆహారం తిన్నప్పుడు పేగులోకి విడుదల చేయడం దాని పని. ఆరోగ్యంగా ఉన్నప్పుడు దాని గోడ మందం 3 మిల్లీమీటర్లకు మించదు.

రాయి అడ్డుపడి పైత్యరసం బయటికి పోలేనప్పుడు సంచిలో ఒత్తిడి పెరుగుతుంది. లోపలి పొర గోడలోకి చొచ్చుకుపోయి సన్నని గుంటల్లాంటి సందులు ఏర్పడతాయి. వీటిని 1842లో కార్ల్ రోకిటాన్‌స్కీ, 1905లో లుడ్విగ్ ఆషాఫ్ వర్ణించినందువల్ల రోకిటాన్‌స్కీ-ఆషాఫ్ సందులని పిలుస్తారు. ఒత్తిడికి ఈ సందులు చిట్లినా, లోపలి పొరకు పుండు పడినా పైత్యరసం, అందులోని కొలెస్ట్రాల్ గోడ కండరంలోకి ఇంకిపోతాయి. ఎక్స్‌జీసీకి మూలం ఇదేనని అత్యధికులు అంగీకరించే వివరణ.

పైత్యరసం సంచిలో ఉంటేనే క్షేమం. కణజాలంలోకి చేరితే అది శరీరానికి పరాయి పదార్థమే. దాన్ని ఏరివేసేందుకు మాక్రోఫేజ్‌లు అనే భక్షక కణాలు అక్కడికి చేరుకుంటాయి. కొవ్వును మింగి మింగి అవి నురుగు నిండిన బుడగల్లా ఉబ్బుతాయి. అందుకే వాటిని నురుగు కణాలంటారు. పసుపు రంగుకు అవే కారణం. క్రమంగా పీచులాంటి మచ్చ కణజాలం పెరిగి గోడ గట్టిపడుతుంది. వాపు అక్కడితో ఆగదు. కాలేయం, ఆంత్రమూలం, పెద్దపేగు వంటి పొరుగు అవయవాలకు పిత్తాశయం అతుక్కుపోవచ్చు. ఒక్కోసారి పేగుకూ పిత్తాశయానికీ మధ్య అసహజమైన దారి కూడా ఏర్పడుతుంది.

రెండింటికీ ఒకే ముఖం

గోడ మందం కావడం, గట్టిపడటం, పొరుగు అవయవాల్లోకి చొచ్చుకుపోవడం, చుట్టుపక్కల లింఫ్ గ్రంథులు ఉబ్బడం, పైత్యనాళం నొక్కుకుపోయి కామెర్లు రావడం పిత్తాశయ క్యాన్సర్‌లో కనిపించే లక్షణాలు. ఇవన్నీ ఎక్స్‌జీసీలోనూ కనిపించవచ్చు. రోగి చెప్పే బాధలు కూడా ఒక్కలాగే ఉంటాయి. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, వికారం, వాంతులు, అప్పుడప్పుడు జ్వరం, కొందరిలో బరువు తగ్గడం రెండింటికీ ఉమ్మడి లక్షణాలే. రెండూ ఎక్కువగా నడివయసు దాటినవారిలోనే కనిపిస్తాయి. రెండింటిలోనూ అత్యధికుల పిత్తాశయాల్లో రాళ్లుంటాయి.

పిత్తాశయపు మెడభాగంలో ఇరుక్కున్న రాయి పక్కనున్న పైత్యనాళాన్ని నొక్కి కామెర్లు తెప్పించే స్థితిని మిరిజ్జి సిండ్రోమ్ అంటారు. అర్జెంటీనా శస్త్రవైద్యుడు పాబ్లో మిరిజ్జి పేరుమీద వచ్చిన ఈ స్థితి ఎక్స్‌జీసీ రోగుల్లో తరచూ తోడుగా కనిపిస్తుంది. కామెర్లు కనిపించగానే క్యాన్సర్ ముదిరిందని అనుకోవడం సహజం. కానీ వాటికి కారణం ఒక రాయి మాత్రమే కావచ్చు.

గోడ మందానికి వేరే కారణాలూ ఉంటాయి. మామూలు దీర్ఘకాలిక వాపు, అడినోమయోమాటోసిస్ అనే నిరపాయకరమైన మార్పు, అరుదుగా పిత్తాశయ క్షయ కూడా ఇలాంటి చిత్రాన్నే చూపగలవు. గోడ మందం అన్న మాట ఒక పరిశీలన మాత్రమే. రోగ నిర్ధారణ అందుకు తర్వాతి మెట్టు.

మనదేశంలో ఎందుకు ముఖ్యం?

ప్రపంచవ్యాప్త అధ్యయనాల్లో, తొలగించిన పిత్తాశయాల్లో ఎక్స్‌జీసీ వాటా ఒక శాతం లోపు నుంచి 13 శాతం వరకు నమోదైంది. పాశ్చాత్య దేశాల్లో ఇది తక్కువగానూ, భారత్, జపాన్‌ల నుంచి వచ్చిన కొన్ని అధ్యయనాల్లో ఎక్కువగానూ కనిపించింది. రాళ్లున్నా ఏళ్ల తరబడి నొప్పి మాత్రలతో నెట్టుకురావడం, వాపు పలుమార్లు వచ్చి తగ్గడం ఇందుకు ఒక కారణం కావచ్చని వైద్యులు భావిస్తున్నారు.

పిత్తాశయ క్యాన్సర్ తీరు కూడా భారత్‌లో ప్రాంతాన్ని బట్టి మారుతుంది. గంగా మైదానంలోని ఉత్తరప్రదేశ్, బిహార్‌లలోనూ, ఈశాన్య రాష్ట్రాల్లోనూ ఇది ఎక్కువ. దక్షిణాదిన తక్కువ. దక్షిణ అమెరికాలోని చిలీతోపాటు ఉత్తర భారతం ఈ క్యాన్సర్ అధికంగా ఉన్న ప్రాంతాల జాబితాలో నిలుస్తోంది. ఉత్తరప్రదేశ్‌తో సరిహద్దు పంచుకునే ఛత్తీస్‌గఢ్ వైద్యులు గోడ మందమైన పిత్తాశయాన్ని తేలిగ్గా తీసుకోకపోవడానికి ఈ నేపథ్యమే కారణం.

ఛత్తీస్‌గఢ్‌కు మరో ప్రత్యేకత ఉంది. సికిల్ సెల్ జన్యువు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఇదొకటి. సికిల్ సెల్ వ్యాధిగ్రస్తుల్లో ఎర్రరక్తకణాలు త్వరత్వరగా నశించి, వాటి నుంచి వెలువడే బిలిరుబిన్ పైత్యరసంలో పేరుకుని రాళ్లుగా మారుతుంది. అందువల్ల వీరిలో చిన్న వయసులోనే పిత్తాశయ రాళ్లు ఏర్పడే అవకాశం ఎక్కువ. ఈ రాళ్లున్న వారందరికీ ఎక్స్‌జీసీ వస్తుందని కాదు. కానీ రాళ్లను ఎంతకాలమైనా పట్టించుకోకుండా వదిలేయడం మంచిది కాదనడానికి ఇదొక అదనపు కారణం. సికిల్ సెల్ రక్తహీనతను నిర్మూలించే జాతీయ కార్యక్రమాన్ని కేంద్రం 2023 జులై 1న పొరుగునే ఉన్న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో ప్రారంభించింది.

మొదటి మెట్టు అల్ట్రాసౌండ్

కడుపునొప్పితో వచ్చిన ప్రతి రోగికీ మొదట చేసేది అల్ట్రాసౌండ్. రాళ్లను పట్టుకోవడంలో దీనికి సాటి లేదు. గోడ మందాన్నీ చూపుతుంది. మందమైన గోడ లోపల నల్లటి చిన్న గడ్డలు, పట్టీలు కనిపిస్తే ఎక్స్‌జీసీని అనుమానిస్తారు. అయితే చేసేవారి అనుభవాన్ని బట్టి, యంత్రాన్ని బట్టి, రోగి కడుపులోని గాలిని బట్టి ఫలితం మారుతుంది.

ఒకే చిత్రాన్ని ఒక్కో వైద్యుడు ఒక్కో తీరుగా వర్ణించే ఇబ్బందిని తగ్గించేందుకు, చండీగఢ్‌లోని పీజీఐఎంఈఆర్ రేడియాలజిస్టుల చొరవతో అంతర్జాతీయ నిపుణుల బృందం జీబీ-రాడ్స్ అనే పద్ధతిని రూపొందించింది. అల్ట్రాసౌండ్‌లో కనిపించే గోడ మందానికి 0 నుంచి 5 వరకు అంకెలిస్తారు. 0 అంటే పరీక్ష సరిగా కుదరలేదని, 1 అంటే మామూలుగా ఉందని, 2 అంటే నిరపాయకరమని, 3 అంటే తేల్చలేమని అర్థం. 4, 5 వస్తే క్యాన్సర్ అనుమానం వరుసగా పెరుగుతుంది. మందం గోడ అంతటా సమానంగా ఉందా, గోడ పొరలు విడివిడిగా కనిపిస్తున్నాయా, కాలేయంతో సరిహద్దు చెదిరిందా అన్నవి ఇందులో చూసే అంశాలు.

ఐఐటీ ఢిల్లీ, పీజీఐఎంఈఆర్ పరిశోధకులు 2022లో కృత్రిమ మేధను కూడా రంగంలోకి దించారు. 218 మంది రోగుల నుంచి సేకరించిన 1,255 అల్ట్రాసౌండ్ చిత్రాలతో, మామూలు పిత్తాశయం, నిరపాయకరమైన మార్పు, క్యాన్సర్ అనే తేడాలను గుర్తించేలా కంప్యూటర్‌కు శిక్షణ ఇచ్చారు. ఇలాంటి సాధనాలు చిన్న పట్టణాల్లో అనుమానాన్ని త్వరగా లేవనెత్తేందుకు ఉపకరిస్తాయి. కానీ అనుమానం వేరు, నిర్ధారణ వేరు.

సీటీ స్కాన్‌లో ఐదు ఆనవాళ్లు

అల్ట్రాసౌండ్ తర్వాత రంగుమందు ఇచ్చి సీటీ స్కాన్ తీస్తారు. దీనిపై 2010లో జపాన్ రేడియాలజిస్టులు ప్రచురించిన అధ్యయనాన్ని ఈనాటికీ ప్రస్తావిస్తుంటారు. వారు ఐదు ఆనవాళ్లను ఎంచుకున్నారు. పిత్తాశయపు గోడ ఒకచోటే కాక అంతటా మందమై ఉండటం మొదటిది. లోపలి పొర తెగకుండా ఒకే గీతలా కనిపించడం రెండోది. గోడ మధ్యలో నల్లటి గడ్డలు ఉండటం మూడోది. కాలేయంలోకి కంటికి కనిపించేంతగా చొచ్చుకుపోకపోవడం నాలుగోది. కాలేయంలోని పైత్యనాళాలు ఉబ్బకపోవడం ఐదోది.

ఎక్స్‌జీసీ ఉన్న 18 మందిని, క్యాన్సర్ ఉన్న 17 మందిని వారు పోల్చిచూశారు. ఈ ఐదింటిలో కనీసం మూడు ఉంటే ఎక్స్‌జీసీ అని లెక్కించగా, 18 మందిలో 15 మంది సరిగ్గా దొరికారు. క్యాన్సర్ రోగి ఒక్కరూ పొరపాటున ఎక్స్‌జీసీ జాబితాలోకి రాలేదు. ఫలితం ఆశాజనకమే. కానీ ఇది 35 మంది లెక్క. ఎక్స్‌జీసీ ఉన్న ముగ్గురు ఈ కొలతకు అందలేదన్నది కూడా ఇందులోనే ఉంది. వాపు లోపలి పొరను తినేసినా, కాలేయంలోకి పాకినా ఎక్స్‌జీసీ ఈ ఆనవాళ్లను పోగొట్టుకుంటుంది. మరోవైపు ఆనవాళ్లన్నీ ఉన్న పిత్తాశయంలోనే ఒక మూల క్యాన్సర్ దాగి ఉండే అవకాశాన్ని స్కాన్ పూర్తిగా కొట్టిపారేయలేదు. ఎమ్మారై మరికొంత స్పష్టత ఇస్తుంది. అది కూడా సందేహాన్ని తగ్గిస్తుందే తప్ప తొలగించదు.

రక్తపరీక్ష, పెట్ స్కాన్, సూది పరీక్ష

సీఏ 19-9 అనే రక్తపరీక్ష ఫలితం ఎక్కువగా రాగానే చాలామంది క్యాన్సర్ ఖాయమని అనుకుంటారు. పైత్యనాళం మూసుకుపోయినా, పిత్తాశయానికి వాపు వచ్చినా ఈ సంఖ్య పెరుగుతుంది. ఎక్స్‌జీసీలోనూ ఇది ఎక్కువగా ఉండవచ్చు. జన్యుపరంగా ఈ పదార్థాన్ని తయారుచేయలేని కొద్దిమందిలో క్యాన్సర్ ఉన్నా అది పెరగదు. కాబట్టి ఈ సంఖ్యను ఒంటరిగా చదవకూడదు.

పెట్ స్కాన్ చక్కెరను ఆబగా పీల్చుకునే కణాలను వెలుగులో చూపుతుంది. క్యాన్సర్ కణాలు అలా పీల్చుకుంటాయి. వాపుతో పోరాడే కణాలూ పీల్చుకుంటాయి. అందువల్ల ఎక్స్‌జీసీ ఈ స్కాన్‌లోనూ క్యాన్సర్‌లా మెరవగలదు.

సూదితో కణాలు తీసి పరీక్షించడం మరో మార్గం. క్యాన్సర్ కణాలు దొరికితే విషయం తేలుతుంది. దొరకకపోతే తేలదు. సూది వెళ్లిన చోట వాపు మాత్రమే ఉండి, పక్కనే క్యాన్సర్ ఉండవచ్చు. శస్త్రచికిత్సతో తొలగించగల క్యాన్సర్ అనుమానం ఉన్నప్పుడు సూది దారిలో కణాలు చెదురుతాయన్న జాగ్రత్తతో కూడా వైద్యులు ఈ పరీక్షకు వెనుకాడతారు. శస్త్రచికిత్స సాధ్యం కాదని తేలి, కీమోథెరపీ మొదలుపెట్టాల్సిన సందర్భంలో మాత్రం కణజాల రుజువు తప్పనిసరి. స్కాన్ ఒక్కటే చూసి ముదిరిన క్యాన్సర్‌గా భావించిన రోగుల్లో కొందరిది నయమయ్యే వాపు కావచ్చు గనుక, ఈ నియమం ఒక ప్రాణాన్ని నిరాశ నుంచి కాపాడగలదు.

శస్త్రవైద్యుడి ముందున్న రెండు ప్రమాదాలు

ఉదాహరణకు అరవై ఏళ్లు దాటిన ఒక విశ్రాంత కార్మికుడిని ఊహించుకోవచ్చు. ఆయనకు రాళ్లున్నాయి, గోడ మందమైంది, స్కాన్ అటో ఇటో తేల్చలేదు. ఆయన ముందున్న దారులు రెండు. పిత్తాశయాన్ని మాత్రమే తొలగించే మామూలు శస్త్రచికిత్స మొదటిది. పిత్తాశయంతోపాటు దానికి ఆనుకున్న కాలేయ భాగాన్ని, చుట్టూ ఉన్న లింఫ్ గ్రంథులను తొలగించే విస్తృత శస్త్రచికిత్స రెండోది.

ఆయనది క్యాన్సర్ అయి, మామూలు శస్త్రచికిత్స చేస్తే నష్టం తీవ్రంగా ఉంటుంది. కాలేయం నుంచి పిత్తాశయాన్ని వేరుచేసే పొరలోనే కణితి తెగవచ్చు. పైత్యరసం కడుపులో ఒలికితే క్యాన్సర్ కణాలు కూడా చెదురుతాయి. అదే ఎక్స్‌జీసీ అయి, విస్తృత శస్త్రచికిత్స చేస్తే అవసరం లేని కోతను, రక్తస్రావం, పైత్యం కారడం వంటి ముప్పులను ఆయన భరించాల్సి వస్తుంది. రెండు పొరపాట్లకూ మూల్యం రోగే చెల్లిస్తాడు.

లఖ్‌నవూలోని సంజయ్ గాంధీ పీజీఐ శస్త్రవైద్యులు 2016లో దీనికొక మధ్యేమార్గాన్ని ప్రచురించారు. క్యాన్సర్ అనుమానం స్వల్పంగా ఉన్న మందపు పిత్తాశయాన్ని, ఆనుకున్న కాలేయపు పలుచని భాగంతో కలిపి చెక్కుచెదరకుండా తొలగిస్తారు. రోగి మత్తులో ఉండగానే దాన్ని పాథాలజిస్టుకు పంపుతారు. కణజాలాన్ని గడ్డకట్టించి పలుచగా కోసి సూక్ష్మదర్శిని కింద చూసే ఈ సత్వర పరీక్షను ఫ్రోజెన్ సెక్షన్ అంటారు. క్యాన్సర్ కాదని తేలితే అక్కడితో ఆపేస్తారు. క్యాన్సర్ అని తేలితే లింఫ్ గ్రంథులను కూడా తొలగిస్తారు. ఈ పద్ధతికి లఖ్‌నవూ విధానం అన్న పేరు వచ్చింది.

ఫ్రోజెన్ సెక్షన్‌కు ప్రత్యేక యంత్రం, అనుభవజ్ఞుడైన పాథాలజిస్టు ఆ సమయంలో అందుబాటులో ఉండాలి. ఈ వసతి అన్ని ఆసుపత్రుల్లో ఉండదు. అందుకే శస్త్రచికిత్సకు ముందే ఆ సదుపాయం ఉందా అని అడగడం రోగి హక్కు. స్కాన్‌లో అనుమానం బలంగా ఉంటే, ఆ వసతి ఉన్న కేంద్రానికి ముందే వెళ్లడం రెండోసారి కోత పడకుండా చూస్తుంది.

ఎక్స్‌జీసీ అని తెలిసినా శస్త్రచికిత్స సులభం కాదు. అవయవాలు అతుక్కుపోయి ఉండటంతో లాపరోస్కోపీతో మొదలైన శస్త్రచికిత్సను మధ్యలో కడుపు కోసి కొనసాగించాల్సిన అవసరం మామూలు రాళ్ల కేసుల కంటే ఎక్కువగా వస్తుంది. పైత్యనాళానికి గాయమయ్యే ముప్పు ఉంటే, పిత్తాశయంలో కొంత భాగాన్ని వదిలేసి మిగతాది మాత్రమే తొలగిస్తారు. కడుపు కోయాల్సి రావడం వైఫల్యం కాదు, జాగ్రత్త అని రోగి కుటుంబం ముందే అర్థం చేసుకుంటే అనవసరమైన అపోహలు తలెత్తవు.

తుది మాట

చివరికి తీర్పు వెలువడేది పాథాలజీ ప్రయోగశాలలోనే. తొలగించిన పిత్తాశయాన్ని ఫార్మలిన్‌లో ఉంచి, పలుచోట్ల ముక్కలు తీసి, మైనంలో అచ్చుపోసి, అతి పలుచగా కోసి రంగులద్ది చూస్తారు. నురుగు కణాలు, పెద్ద బహుకేంద్రక కణాలు, లింఫోసైట్లు, మచ్చ కణజాలం కనిపిస్తే ఎక్స్‌జీసీ అని నిర్ధారిస్తారు. సందేహం మిగిలితే ప్రత్యేక రంగు పరీక్షలు తోడ్పడతాయి. నురుగు కణాలు సీడీ68 అనే గుర్తుకు స్పందిస్తాయి. పిత్తాశయ క్యాన్సర్ కణాలు సాధారణంగా సైటోకెరాటిన్ అనే గుర్తుకు స్పందిస్తాయి.

ఇక్కడొక హెచ్చరిక ఉంది. ఎక్స్‌జీసీతోపాటు క్యాన్సర్ కూడా ఉన్న కేసుల వాటా అధ్యయనాన్ని బట్టి మారుతోంది. కొన్నింటిలో అసలు కనిపించలేదు. కొన్నింటిలో ఐదో వంతు దాకా నమోదైంది. అందుకే పాథాలజిస్టు ఒకటి రెండు ముక్కలతో సరిపెట్టుకోకుండా గోడ పలు భాగాలను చూడాల్సి ఉంటుంది.

తొలగించిన ప్రతి పిత్తాశయాన్నీ పరీక్షకు పంపాలా అన్న చర్చ ప్రపంచంలో సాగుతోంది. క్యాన్సర్ తక్కువగా ఉన్న ఐరోపాలోని కొన్ని దేశాల్లో, కంటికి మామూలుగా కనిపించే పిత్తాశయాలను పంపనక్కర్లేదని వాదించేవారున్నారు. భారత్‌లో పరిస్థితి వేరు. రాళ్ల కోసం తీసిన పిత్తాశయంలో అనుకోకుండా క్యాన్సర్ బయటపడితే, అది లోపలి పొరకే పరిమితమైనప్పుడు మొదటి శస్త్రచికిత్సే సరిపోతుంది. కండరపు పొరను చేరితే మరో శస్త్రచికిత్స అవసరమవుతుంది. ఆ సమాచారం దొరికేది పరీక్షకు పంపినప్పుడు మాత్రమే. పిత్తాశయాన్ని సీసాలో పెట్టి కుటుంబానికి చూపించి పారవేసే అలవాటు ఎక్కడైనా మిగిలి ఉంటే, దానితోపాటు ఆ సమాచారం కూడా చెత్తలో కలిసిపోతుంది.

వెంట ఉండాల్సిన కాగితాలు

కుట్లు విప్పించుకుని ఇంటికి వెళ్లిన తర్వాత చాలామంది పాథాలజీ నివేదికను తీసుకోవడమే మరచిపోతారు. అది రావడానికి కొన్ని రోజులు పడుతుంది. నొప్పి తగ్గింది కదా అన్న ధైర్యంతో ఆసుపత్రి ముఖం మళ్లీ చూడరు. ఎక్స్‌జీసీ అనుమానం ఉన్నవారికి ఇది ప్రమాదకరం. నివేదిక చేతికొచ్చాక మూడు విషయాలు శస్త్రవైద్యుడినే అడిగి తెలుసుకోవాలి. క్యాన్సర్ కణాలు ఉన్నాయా లేవా? కోసిన అంచులు శుభ్రంగా ఉన్నాయా? మళ్లీ పరీక్షలు అవసరమా?

రెండో అభిప్రాయానికి రాయ్‌పుర్ వెళ్లినా, విశాఖలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లినా నివేదిక ఒక్కటే సరిపోదు. గాజు పలకలపై అమర్చిన స్లైడ్లను, మైనపు బ్లాకులను ప్రయోగశాల నుంచి అడిగి తీసుకెళ్లాలి. స్కాన్ నివేదికతోపాటు దాని చిత్రాలున్న సీడీ కూడా ఉండాలి. ఇవి ఉంటే మరో పాథాలజిస్టు, మరో రేడియాలజిస్టు కొత్తగా చూసి తమ అభిప్రాయం చెప్పగలరు. లేకపోతే ఎంత దూరం ప్రయాణించినా రెండో వైద్యుడు మొదటి వైద్యుడి మాటనే తిరిగి చదవాల్సి వస్తుంది.

చలితో కూడిన జ్వరం, కామెర్లు, తగ్గని కడుపునొప్పి కలిసి వస్తే మాత్రం అభిప్రాయాల కోసం తిరగకుండా దగ్గరలోని ఆసుపత్రిలో వెంటనే చేరాలి. పైత్యనాళాల్లో ఇన్ఫెక్షన్ ప్రాణాంతకం కాగలదు.

క్యాన్సర్ లేదని పాథాలజిస్టు తేల్చిన ఎక్స్‌జీసీకి పిత్తాశయాన్ని పూర్తిగా తొలగించడమే చికిత్స. కీమోథెరపీ, రేడియేషన్ అవసరం లేదు. క్యాన్సర్ అని తేలితే తదుపరి చికిత్స ఆలస్యం లేకుండా మొదలవ్వాలి. మొదటి స్కాన్ నివేదికకూ పాథాలజీ నివేదికకూ మధ్య గడిచే ఆ కొద్ది వారాల్లో కుటుంబం భయంతో ఆశ వదులుకోకూడదు. పరీక్షలు పూర్తికాకముందే ఏమీ లేదని తేలిగ్గా తీసుకోనూ కూడదు. నివేదిక చేతికొచ్చే వరకు ఈ రెండింటికీ తావివ్వకపోవడమే ఆ కుటుంబం చేయాల్సిన పని.